తమ్ముడు వచ్చింది

‘మా తమ్ముడు వచ్చింది’ అని రాసిన పిల్లవాడికి ఎన్ని మార్కులు వేయాలి?

తెలుగు పరీక్ష కాబట్టి సున్నా వేయొచ్చు. చాలామంది చదవగానే నవ్వుతారు, తర్వాత దిద్దుతారు. రాసినవాడు ఒడిశా నుంచి వచ్చాడని, ఒడియాలో క్రియకు లింగభేదం లేదని తెలిస్తే మాత్రం ఆ వాక్యం కాస్త వేరేగా కనిపిస్తుంది. వాడి భాషలో తమ్ముడు వచ్చినా, చెల్లి వచ్చినా, బస్సు వచ్చినా క్రియ ఒకటే. తెలుగులో వాడి చెవిన పడ్డ వాక్యాలేమో చెల్లి వచ్చింది, బస్సు వచ్చింది, కరెంటు వచ్చింది. వీటిలోంచి వాడొక సూత్రం లాగాడు. చేతిలో ఉన్న సమాచారానికి ఆ సూత్రం సరిగ్గా సరిపోయింది. తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి తప్పింది.

మన వైపు నుంచి చూస్తే ఇందులో ఇంకో తమాషా ఉంది. ఏకవచనంలో మగవాళ్లని ఒక గట్టున, ఆడవాళ్లనీ మేకల్నీ బస్సుల్నీ కలిపి ఇంకో గట్టున కూర్చోబెట్టింది తెలుగు. మహత్తు, అమహత్తు అని మన వ్యాకర్తలు దానికి పేర్లు కూడా పెట్టారు. ‘చెల్లె, బస్సు ఒక్కటెట్లయితయి అన్నా?’ అని ఎనిమిదేళ్ల పిల్ల అడిగితే నేను చెప్పగలిగిన జవాబు ఏమీ లేదు. భాష అలా ఉందమ్మా అన్నాను.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మూడేళ్లుగా ఆదివారం పొద్దున పూట, ఔటర్ రింగ్ రోడ్డుకి అవతల ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల గదిలో, నలుగురు మిత్రులతో కలిసి వలస కూలీల పిల్లలకు తెలుగు చెప్తున్నాను. బీహార్, ఒడిశా, బెంగాల్, నేపాల్ నుంచి వచ్చిన కుటుంబాలు. అమ్మానాన్నలు ఆ చుట్టుపక్కల లేస్తున్న ముప్పై, నలభై అంతస్తుల భవనాల్లో సెంట్రింగ్, తాపీ, టైల్స్ పనులు చేస్తారు. ఉండేది రేకుల షెడ్లలో. ఇది మంచి పనేనా అన్న అనుమానం నాకెప్పుడూ రాలేదు. ఇది ఏ రకమైన మంచి అన్న ప్రశ్న మాత్రం వదలడం లేదు. సాయం చేస్తున్నామా? బాకీ తీరుస్తున్నామా? లేక మర్యాదగా ఒత్తిడి పెడుతున్నామా? బయటి నుంచి చూసేవాళ్లకి ఈ మూడూ ఒకేలా ఉంటాయి. ఎవరో ఒకరు బోర్డు మీద ‘అ’ రాస్తుంటారు, పిల్లలు పలుకుతుంటారు.

ఈ సంగతి ఎత్తగానే మొదట వినపడే మాట: ‘వచ్చినవాళ్లే నేర్చుకోవాలి. ఎవరూ బొట్టు పెట్టి పిలవలేదు కదా.’

ఈ మాటని తేలిగ్గా కొట్టేయలేం. ఒక ఊళ్లో అందరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోగలిగే భాష ఒకటి ఉండటం అందరికీ మంచిదే. కెనడా తత్వవేత్త విల్ కిమ్లికా 1995లో వచ్చిన ‘మల్టీకల్చరల్ సిటిజెన్‌షిప్’ అనే పుస్తకంలో ఇలాంటి వాదాన్నే చాలా జాగ్రత్తగా నిలబెట్టాడు. తరతరాలుగా తమ నేల మీదే ఉంటూ పెద్ద రాజ్యంలో భాగమైపోయిన సమూహాలది ఒక స్థితి. ఇష్టపడి ఇంకో దేశానికి వెళ్లినవాళ్లది ఇంకో స్థితి. వెళ్లడం వాళ్ల నిర్ణయం కాబట్టి, తమ భాషలోనే సంస్థలన్నీ నడుపుకునే హక్కుని వాళ్లు కొంత వదులుకున్నట్టే అంటాడు. కొత్త సమాజం తన భాషలో కలవమంటే తప్పు లేదు. కాకపోతే వాళ్లు కలవడానికి కావలసిన ఏర్పాట్లు ఆ సమాజమే న్యాయంగా చెయ్యాలి.

దీన్ని తెచ్చి మన రేకుల షెడ్డు ముందు నిలబెడితే ఎక్కువసేపు నిలవదు. మొదటిది, ఇష్టపడి వచ్చారన్న మాట. బలంగీర్, నువాపాడా జిల్లాల నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాల సంగతే చూడండి. నువాఖాయి పండగ వెళ్లాక సర్దార్లు ఊళ్లలోకి వచ్చి అడ్వాన్సు ఇస్తారు. అక్కడ దాన్ని దాదన్ అంటారు. ఒక్కో జట్టుకి పథురియా అని పేరు: ఒక మగవాడు, ఒక ఆడమనిషి, ఒక పిల్లో పిల్లవాడో. అంటే లెక్కలోనే పిల్లలున్నారు. బొట్టు పెట్టి కాకపోయినా అడ్వాన్సు పెట్టి పిలిచారు. భవన నిర్మాణం పనికి వచ్చేవాళ్లనైనా ఎవరో ఒక మేస్త్రీ, ఎవరో ఒక కాంట్రాక్టరు ఫోన్ చేసే పిలుస్తాడు. ఆ ఫ్లాట్లు బుక్ చేసుకున్న మనం కూడా ఆ పిలుపులో ఉన్నాం. పెద్దలు ఇష్టపడే వచ్చారనుకున్నా, ఆరేళ్ల పిల్ల ఏ కాగితం మీదా ఒప్పుకోలేదు.

రెండోది, నేపాల్ వాళ్లని మినహాయిస్తే వీళ్లు దేశం మారలేదు. దేశంలో ఎక్కడైనా ఉండొచ్చని 19వ అధికరణం చెప్తోంది. భాషాపరమైన మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పడానికి తగిన సౌకర్యాలు కల్పించే ప్రయత్నం ప్రతి రాష్ట్రమూ చెయ్యాలని 350-ఎ అధికరణం చెప్తోంది. ఇది 1956లో ఏడో సవరణతో వచ్చింది. భాషల వారీగా రాష్ట్రాల గీతలు గీసింది కూడా ఆ సవరణతోనే. గీత ఎక్కడ గీసినా అటువాళ్లు కొందరు ఇటు మిగులుతారని గీసినవాళ్లకి తెలుసు. 2009 నాటి విద్యాహక్కు చట్టం కూడా వీలైనంత వరకు పిల్లల మాతృభాషలోనే బోధన ఉండాలంటుంది. ఆ ‘వీలైనంత వరకు’ అన్న మాటలో ఎంత పెద్ద కంత ఉందో మనకి తెలుసు. అయినా బాధ్యత ఎటువైపు ఉందో చట్టం స్పష్టంగానే చెప్పింది.

ఇంకో విషయం నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ‘వచ్చినవాళ్లే నేర్చుకోవాలి’ అన్న సూత్రాన్ని మనం అందరికీ వర్తింపజెయ్యం. మా ఆఫీసులో పన్నెండేళ్లుగా హైదరాబాదులో ఉంటూ ‘కొంచెం కొంచెం’ తప్ప తెలుగు ముక్క రాని సహోద్యోగులున్నారు. మంచివాళ్లు, నాకు స్నేహితులు. తెలుగు రాకపోవడం వల్ల వాళ్లకి ఏ రోజూ ఏ పనీ ఆగలేదు. మీటింగులో ఒక్కరుంటే చాలు, మిగతా తొమ్మిదిమందిమీ ఇంగ్లీషులోకి మారిపోతాం. అది మర్యాద అనుకుంటాం. అదే మనం, తాపీ కూలీ కొడుకు మూడో తరగతిలో నోరు విప్పకపోతే ‘వీనికి ఏం రాదు’ అంటాం. భాష నేర్చుకోవాలన్న ధర్మం జీతం తగ్గేకొద్దీ గట్టిపడుతున్నట్టుంది.

1 నుంచి 10వ తరగతి దాకా అన్ని బళ్లలో తెలుగు తప్పనిసరి అని తెలంగాణ 2018లో చట్టం చేసింది. ఆ చట్టం ఉద్దేశాన్ని నేను సమర్థిస్తాను. ‘సింగిడి’ వాచకం వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్లలకు కష్టంగా ఉందని, 2025లో సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ, ఐబీ బళ్ల పై తరగతులకు ‘వెన్నెల’ అనే సరళమైన వాచకం పెట్టారు. అది కూడా తెలివైన పనే. చదివేది ఎవరో చూసి పుస్తకం మార్చడం మనకి చేతకాని పని కాదని దాంతో తేలింది. రేకుల షెడ్డు పిల్లల దాకా ఆ ఆలోచన రావాలి.

వాళ్లు చదివే బళ్లలో వినపడే మాట వేరు. ‘మాకు పిల్లలందరూ సమానమే సార్. అందరికీ ఒక్కటే పుస్తకం, ఒక్కటే పాఠం.’ చెప్పే టీచరు నిజాయితీగానే చెప్తారు. ఇదే వాదన అమెరికా సుప్రీంకోర్టు ముందుకి వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనీస్ పిల్లలు సుమారు 1,800 మందికి ఏ అదనపు సాయమూ లేకుండా అందరితో పాటే పాఠాలు చెప్పేవారు. లావ్ వర్సెస్ నికొల్స్ అన్న ఆ కేసులో 1974లో తీర్పు వచ్చింది. ఒకే బడి, ఒకే టీచరు, ఒకే పుస్తకం ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదని, పాఠం అర్థం కాని పిల్లకి చదువు తలుపు మూసినట్టేనని ఆ తీర్పు సారాంశం. ఈ తీర్పు ఫలితాన్ని అనుభవిస్తున్న తెలుగువాళ్లు మనకి తెలుసు. డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్లిన మిత్రుడి కొడుకుని బడిలో ఈఎస్‌ఎల్ టీచరు విడిగా కూర్చోబెట్టుకుని ఇంగ్లీషు చెప్తుంది. ‘ఎంత బాగా చూసుకుంటున్నారో’ అని వాళ్లమ్మ ఫోన్లో మురిసిపోతుంది. పన్ను కడుతున్నాం కాబట్టి అది హక్కు అని కూడా అంటుంది. నిజమే, హక్కే.

అంత దూరం కూడా అక్కర్లేదు. ముంబైలో కామాఠీపురా అనే పేరు నిజాం ఇలాకా నుంచి పనికి పోయిన మన కామాఠీల వల్ల వచ్చిందే. అక్కడి మున్సిపల్ కార్పొరేషన్ ఎనిమిది మాధ్యమాల్లో బళ్లు నడిపింది, వాటిలో తెలుగు ఒకటి. పాలమూరు కూలీల పిల్లలూ పద్మశాలీల పిల్లలూ అక్కడ అఆలు దిద్దారు. కాబట్టి బయటి ఊళ్లో పిల్లలకు ఏం కావాలో మనకి కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు.

నా వృత్తిలోంచి ఒక పోలిక చెప్తాను. రెండు సిస్టమ్‌లు వేర్వేరు ఫార్మాట్లలో మాట్లాడుతున్నప్పుడు మధ్యలో ఒక అడాప్టర్ రాయాలి. ఎవరు రాయాలన్నది సాంకేతిక ప్రశ్న కాదు. ఎవరికి అవతలివాళ్లతో అవసరం ఎక్కువ ఉంటే వాళ్లే రాస్తారు. చిన్న కంపెనీ రాస్తుంది, పెద్ద కంపెనీ డాక్యుమెంటేషన్ లింకు పంపించి ఊరుకుంటుంది. వ్యాపారంలో ఇది చెల్లిపోతుంది. మూడో తరగతి గదిలో కూడా ఇలాగే నడవాలంటే, గదిలో అందరికంటే చిన్న మనిషి, అందరికంటే తక్కువ ఉన్న మనిషి, వంతెన మొత్తం ఒక్కడే కట్టాలి. అన్యాయం నాకు ఇక్కడ కనపడుతుంది. తెలుగు నేర్చుకోమనడంలో తప్పు లేదు. ఖర్చంతా వాడి మీదే వెయ్యడంలో ఉంది.

ఆ ఖర్చు ఎంతో మనకి సరిగ్గా అంచనా లేదు. ‘ముచ్చట్లు మస్తు చెప్తడు సార్. పుస్తకం తెరిస్తే మాత్రం నోరు పెగలది. బద్దకం’ అని ఒక టీచరు ఐదో తరగతి పిల్లవాడి గురించి చెప్పారు. ఆ పిల్లవాడి తెలుగు నేనూ విన్నాను. క్రికెట్లో అవుటైనప్పుడు పెట్టే పేచీ వింటే వాడు బీహార్ నుంచి వచ్చాడని ఎవరూ అనుకోరు. కెనడాలో వలస పిల్లల మీద పనిచేసిన జిమ్ కమిన్స్ అనే పరిశోధకుడు 1979లో ఈ చిక్కుముడికే పేరు పెట్టాడు. ఆటస్థలం భాష వేరు, పాఠం భాష వేరు. మొదటిది దాదాపు రెండేళ్లలో వచ్చేస్తుంది. పాఠ్యపుస్తకం చదివి, ‘కారణాలు వివరించుము’ అంటే వివరించగలిగే భాష తోటిపిల్లలతో సమానంగా రావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. మొదటిది వచ్చింది కదా అని రెండోది కూడా వచ్చేసిందనుకుంటాం. రాకపోతే బద్దకం అంటాం, బుర్ర లేదంటాం.

తెలంగాణలో ఇంకో మెట్టు కూడా ఉంది. వాడు గల్లీలో నేర్చుకున్నది ‘వచ్చిండు’. పుస్తకంలో ఉన్నది ‘వచ్చాడు’. పరీక్షలో కావలసింది రెండోది. ఇక్కడ పుట్టిన పిల్లలకే ఇది ఒక దెబ్బ. ఒడిశా పిల్లల సంగతి ఇంకొంచెం క్లిష్టం. బలంగీర్ వైపు ఇళ్లలో మాట్లాడేది సంబల్‌పురి. బట్టీల దగ్గర నడిచే వర్క్‌సైట్ బళ్లకి ఒడిశా నుంచి తెప్పించే పుస్తకాలు ప్రామాణిక ఒడియాలో ఉంటాయి. ‘మాతృభాషలో చదువు’ అని మనం ఒక్క ముక్కలో అనేసేది కూడా ఆ పిల్లకి పూర్తిగా అమ్మ మాట కాదు. ఆ పిల్ల నాలుగు భాషల మధ్య నడుస్తోంది. పరీక్ష పెట్టే మనకి ఒక్కటే కనిపిస్తోంది.

సరే, అయితే తెలుగు నేర్పకుండా వదిలేద్దామా? భాష రుద్దడం హింస, ఎవరి భాషలో వాళ్లుండాలి అనే మిత్రులున్నారు. ఆ మాట వినడానికి ఉదారంగా ఉంటుంది. కానీ తెలుగు రానితనం ఎలా ఉంటుందో చూశాక నేను ఒప్పుకోలేను. కూలి లెక్క తేల్చే మేస్త్రీది తెలుగు. ఆస్పత్రి చీటీ రాసే సిస్టర్‌ది తెలుగు. పక్కింటి పిల్ల పుట్టినరోజుకి పిలిచేదీ తెలుగులోనే. భాష ఇవ్వకపోవడం కూడా ఒక రకమైన గోడే.

అయితే ఇచ్చినప్పుడు ఏం జరుగుతుందో కూడా చూడాలి. పదేళ్ల అమ్మాయి, ఒడిశా నుంచి వచ్చింది, మా గదిలో అందరికంటే వేగంగా తెలుగు పట్టుకుంది. ఆర్నెల్లలో ఆ షెడ్లన్నిటికీ దుబాసీ అయింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తన తల్లికి రక్తస్రావం ఎన్నాళ్ల నుంచి అవుతోందో డాక్టరుకి చెప్పాల్సింది ఆ పిల్లే. ఒకసారి బకాయి పడ్డ కూలి అడగడానికి తండ్రి మేస్త్రీ దగ్గరికి వెళ్తూ ఆ పిల్లని వెంటబెట్టుకెళ్లాడు. నేను బడి గేటు దగ్గరే ఉన్నాను. మేస్త్రీ అమ్మని కలిపి ఒక బూతు తిట్టాడు. తండ్రి కూతురి మొహం చూశాడు, ఏమంటున్నాడని. ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి తమ భాషలో ఏదో చెప్పింది. తర్వాత నేను అడిగితే, ‘రేపు రమ్మంటుండు అని చెప్పిన’ అంది.

దీని గురించి చాలా రోజులు ఆలోచించాను. మేం నేర్పిన తెలుగు ఆ పిల్లకి ఉపయోగపడింది. తండ్రి గౌరవం కాపాడటానికి ఉపయోగపడింది. కానీ ఆ క్షణం నుంచి ఇంట్లో పెద్ద ఎవరు? ఏ మాట తండ్రి దాకా చేరాలో, ఏది చేరకూడదో నిర్ణయించే బరువు పదేళ్ల భుజాల మీద పడింది. భాష నేర్చుకున్న పిల్లకి లోకం పెద్దదవుతుంది. అదే సమయంలో అమ్మానాన్నలు ఆ పిల్ల కళ్ల ముందే చిన్నవాళ్లయిపోతారు. దీనికి పరిష్కారం పిల్లకి తెలుగు తగ్గించడం కాదు కదా. పెద్దలకు కూడా దారి ఉండాలి. కేరళ అక్షరాస్యతా మిషన్ 2017లో వలస కార్మికుల కోసమే ‘చంగాతి’ అనే కార్యక్రమం మొదలుపెట్టి, ‘హమారీ మలయాళం’ అని వాచకం తయారుచేసింది. అలాంటిది ఇక్కడా ఉండాలి. ఆస్పత్రిలో, కూలీల లెక్కల దగ్గర వాళ్ల భాష తెలిసిన పెద్ద మనిషి ఒకరుండాలి. అవేవీ లేకుండా పిల్లలకు మాత్రమే భాష నేర్పి చేతులు దులుపుకుంటే, ఊరు చెయ్యాల్సిన పనికి జీతం లేని దుబాసీలను తయారుచేసినట్టు అవుతుంది.

కేరళలోనే ఎర్నాకుళం జిల్లాలో 2017లో ‘రోష్ని’ అని ఇంకో పథకం మొదలైంది. వలస పిల్లలు చదివే ప్రభుత్వ బళ్లలో, బడి వేళకి ముందు గంటన్నర ప్రత్యేకంగా పాఠం. చెప్పేవాళ్లకి మలయాళంతో పాటు హిందీయో బెంగాలీయో ఒడియాయో తెలిసి ఉండేది. పాఠం పిల్లల భాషలో మొదలై మెల్లగా మలయాళంలోకి జారేది. ఖాళీ కడుపుతో వచ్చే పిల్లలకు పొద్దున టిఫిన్ పెట్టేవారు. దీనిలో నాకు నచ్చింది పద్ధతి కంటే దాని వెనకున్న వైఖరి. అవతలి గట్టు నుంచి కూడా ఎవరో నాలుగడుగులు దిగి వచ్చారు.

అది చూసి మా గదిలో రెండు పనులు మొదలుపెట్టాం. ఒకటి, ప్రతి ఆదివారం పిల్లలు మాకు ఐదు మాటలు నేర్పాలి. ఒడియాలో నీళ్లు ‘పాణి’. అందులో ‘ణ’ని నేను పలికితే వాళ్లు పడీపడీ నవ్వుతారు. నవ్వించుకోవడం మంచిది. నోరు తిరగకపోవడం అంటే బుర్ర లేకపోవడం కాదని అందరికీ అర్థమవుతుంది. రెండోది, తప్పు దిద్దే ముందు ఆ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడం. హిందీ పిల్ల ‘రామ’ని ‘రామ్’ అని చదివితే, అక్కడ పదం చివరి అకారం పలకరు కాబట్టి. బెంగాలీ పిల్లవాడు ‘అ’ని ‘ఒ’లా పలికితే, వాడి ‘అ’ అదే కాబట్టి. వర్ణమాల మాత్రం అందరిదీ ఒకటే వరస: క, ఖ, గ, ఘ. ఒక లిపిలో గుణింతం ఎలా పనిచేస్తుందో తెలిసిన పిల్లకి ఇంకో లిపిలో మళ్లీ మొదటి నుంచి చెప్పక్కర్లేదు. ఇంటి భాష తెలుగుకి అడ్డం అన్న అపోహ ఆ గదిలో నాలుగు వారాలు కూర్చుంటే పోతుంది.

ఇప్పుడు నేను చాలా రోజులుగా మోస్తున్న ఒక చిన్న వ్యాకరణ విషయం. తెలుగులో ‘మనం’, ‘మేము’ వేరు. వినేవాళ్లని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. హిందీలో రెంటికీ ‘హమ్’ ఒకటే. అందుకని మా బీహార్ పిల్లవాడు, అదే క్రికెట్ పేచీల పిల్లవాడు, ‘అన్నా, మనం రేపు ఊరికి పోతున్నం’ అంటాడు. నేను రావడం లేదు కదా, ‘మేము పోతున్నాం’ అనాలి అని దిద్దుతాను. వాడు నేర్చుకున్నాడు. ఓ రోజు పుస్తకంలో ‘మన పండుగలు’ అన్న మాట కనపడింది. కింద బతుకమ్మ, బోనాలు, ఉగాది ఉన్నాయి. వాడు వేలు పెట్టి చూపించి, ‘ఇది మన-నా, మీ-నా?’ అని అడిగాడు. వెక్కిరింపేమీ లేదు. నేను నేర్పిన సూత్రాన్నే వాడుతున్నాడు.

నా మొదటి ప్రశ్నకి జవాబు నాకు ఈ సర్వనామాల దగ్గర దొరికింది. ‘మనం’ అనే హక్కు వ్యాకరణంలో ఎవరికైనా ఉంది. బతుకులో మాత్రం ఆ మాట ముందు లోపల ఉన్నవాళ్లు అనాలి. బయటి నుంచి వచ్చినవాడు ముందుగా అంటే చనువు తీసుకున్నట్టుంటుంది. ‘తెలుగు బాగా వచ్చాక నిన్ను మనలో కలుపుకుంటాం’ అని లోపల అనుకుంటూ నేర్పితే అది షరతు. ఎంత ప్రేమగా నేర్పినా షరతే. ‘నువ్వు ఇప్పటికే మనలో ఉన్నావు కాబట్టి ఈ భాష నీకు రావాలి, రాకపోవడం మా లోటు’ అనుకుని నేర్పితే అది బాకీ తీర్చడం. రెంటిలోనూ బోర్డు మీద రాసేది అదే ‘అ’. తేడా పిల్లవాడు తప్పు రాసినప్పుడు తెలుస్తుంది. షరతు పెట్టినవాడికి తప్పు అంటే వాడింకా అర్హుడు కాలేదని గుర్తు. బాకీ ఉన్నవాడికి తప్పు అంటే తనింకా ఎంత ఇవ్వాల్సి ఉందో చెప్పే లెక్క.

అందుకే మూడేళ్లలో ఏ పిల్లకీ ‘ఇప్పుడు నువ్వు అచ్చం తెలుగు పిల్లవే’ అనే మెప్పు ఇవ్వొద్దని మాలో మేం అనుకున్నాం. అనేవాళ్లు ప్రేమగానే అంటారు. కానీ ఆ మాటలో ఇంకోటి ఉంది: నిన్నటిదాకా ఉన్న నువ్వు తక్కువ అని.

ఇక చివరి ప్రశ్న, మిత్రులు తరచుగా అడిగేది. వీళ్లు ఎలాగూ ఉండరు కదా? బట్టీల వాళ్లు వానలకి ముందే తిరిగి వెళ్లిపోతారు. టవర్ పూర్తయితే కట్టినవాళ్లు ఇంకో నగరానికి మారతారు. ఒత్తుల దాకా వచ్చిన పిల్ల ఓ ఆదివారం కనపడదు, షెడ్డు ఖాళీగా ఉంటుంది. ఏడు నెలల కష్టం వృథాయే కదా?

వృథా అనాలంటే, ఈ పని ఎందుకోసమో ముందు తేల్చుకోవాలి. ఆ పిల్లలు ఇక్కడే స్థిరపడి, తెలుగువాళ్లై, రేపు మన ఊరికి పనికొస్తారన్న లెక్కతో నేర్పితే వృథాయే. అలాంటి లెక్క వేసుకుంటే అది పెట్టుబడి, దానికి సాయం అన్న పేరు పెట్టకూడదు. ఇక్కడున్న ఏడు నెలలూ ఆ పిల్ల మూగగా ఉండకూడదన్నది కారణమైతే, ఏడు నెలలూ మాట్లాడింది కాబట్టి పని పూర్తయినట్టే. పిల్లలకు రేపటి కోసం మాత్రమే చదువు చెప్తామనుకోవడం మన మధ్యతరగతి అలవాటు. వాళ్లు ఈ రోజు కూడా బతుకుతున్నారు.

ఆ బీహార్ పిల్లవాడి కుటుంబం ఈ వేసవిలో పుణె వెళ్లింది, ఇంకో సైటుకి. అక్కడ వాడు మరాఠీ మొదలుపెట్టాలి. మరాఠీలో కూడా మనం, మేము వేరు: ఆపణ్, ఆమ్హీ. హిందీ పిల్లలకు అక్కడ కొత్తగా తెలిసే తేడా ఇది. వీడికి కొత్త కాదు, తెలుగులోనే నేర్చుకున్నాడు. ఆ మేరకు వాడి మీద ఒక పాఠం ఖర్చు తగ్గింది. ఎప్పుడు ఏది అనొచ్చో మాత్రం అక్కడి టీచరు, అక్కడి పక్కింటి పిల్లలు వాడికి తెలిసేలా చెయ్యాలి.